‘సార్ పంపిన అమ్మాయి’: బెజవాడలో ఒక కొత్త ప్రాక్టీసు కేస్ స్టడీ

గవర్నర్‌పేటలో ఆడిటర్‌గా బోర్డు పెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. నా దగ్గర ఆర్టికల్స్ (సీఏ శిక్షణ) చేసినవాళ్ళు, చెయ్యకపోయినా సలహాకి వచ్చిపోయేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళలో ఒకామె కేసు ఇది. మొదటి ఆర్నెల్లు నేను చేసిన సాయమే ఆమెకు అడ్డం పడింది. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది, అందుకే రాస్తున్నాను. ఆమెను అడిగే రాస్తున్నాను. పేరు, ఊరు, పార్టీల వివరాలు తీసేశాను, కేసులోని అంకెలు కొన్ని కొద్దిగా మార్చాను. చట్టం, సర్క్యులరు, గడువు తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే. పార్టీ అంటే క్లయింటు. మా వీధిలో క్లయింటు అనే మాట వినపడదు.

నేపథ్యం

అప్పటికి ఆమెకు 29 ఏళ్ళు. డెల్టాలో ఒక పల్లె. నాన్న కౌలు రైతు. చుట్టాల్లో ఆడిటర్ సంగతి అటుంచి, బ్యాంకులో వ్యాపారానికి కరెంట్ ఖాతా ఉన్నవాళ్ళే ఇద్దరు ముగ్గురు. సీఏ (చార్టర్డ్ అకౌంటెంటు) ఫైనల్ మూడోసారికి గట్టెక్కింది. హైదరాబాద్‌లో ఒక పెద్ద సంస్థలో, పరోక్ష పన్నుల విభాగంలో మూడున్నరేళ్ళు పనిచేసింది. జీఎస్టీ 2017 జూలై 1న వచ్చింది, ఆమె ఉద్యోగంలో చేరింది 2018లో. ఆ చట్టమూ ఆమే కలిసి పెరిగినట్టు లెక్క. మేమంతా పాత వ్యాట్ పన్ను అలవాట్లు మోసుకుంటూ జీఎస్టీలోకి వచ్చినవాళ్ళం. ఆమెకు మర్చిపోవాల్సింది ఏమీ లేదు. ఈ సంగతి మొదటి రోజే నాకు తట్టాల్సింది.

2021లో వాళ్ళమ్మకు డయాలసిస్ మొదలైంది, వారానికి మూడుసార్లు. ఒక్కతే కూతురు. ఉద్యోగం మానేసి బెజవాడ వచ్చేసింది. ప్రాక్టీస్ సర్టిఫికెట్ తీసుకుని, సూర్యారావుపేటలో మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుని, రెండు కుర్చీలు, ఒక టేబులు, ఒక ప్రింటరుతో కూర్చుంది.

నా దగ్గరకు వచ్చింది 2022 జూన్‌లో. ఎనిమిది నెలల్లో పద్నాలుగు పార్టీలు. అందులో తొమ్మిది చుట్టాలవే. రిటర్న్ వేయించుకుని ఫీజు దగ్గరికొచ్చేసరికి ‘మనమ్మాయేగా’ అనేవాళ్ళు. గది అద్దె పాత జీతం దాచుకున్న డబ్బుల్లోంచి పోతోంది.

ఆమె చెప్పిన సమస్య

“నాకు పరిచయాలు లేవు సార్. పని వచ్చు. తెలిసినవాళ్ళే లేరు.”

నేను వెంటనే ఒప్పుకున్నాను. రోగి చెప్పిన జబ్బునే డాక్టరు చీటీ మీద రాసుకున్నట్టయింది.

మా వృత్తి బయట ఉన్నవాళ్ళ కోసం ఒక మాట. బట్టల కొట్టు పెట్టినవాడు కరపత్రాలు పంచవచ్చు, ఆటోకి మైకు కట్టి తిప్పవచ్చు. ఆడిటర్‌కి ఆ దారి లేదు. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్స్ చట్టం మొదటి షెడ్యూలు మొదటి భాగంలో ఆరో క్లాజు, ఏడో క్లాజు ఉన్నాయి. ఉత్తరం రాసి గానీ, స్వయంగా వెళ్ళి గానీ, ఇంకే రకంగా గానీ పార్టీని పని అడగకూడదని ఆరోది. ప్రకటన ఇవ్వకూడదని ఏడోది. ఈ కేసు నడిచిన రోజుల్లో వెబ్‌సైటు పెట్టుకోవడానికి అనుమతి ఉండేది గానీ, వెతుక్కుంటూ వచ్చినవాడికి కనబడాలే తప్ప మనంతట మనం జనం ముందుకు తొయ్యకూడదు. లాయర్లదీ దాదాపు ఇదే తీరు.

నిబంధన అందరికీ ఒకటే. దాని బరువు మాత్రం ఒకటి కాదు. నాన్న ఆడిటరైతే కొడుకు ప్రకటన ఇవ్వక్కర్లేదు, మెట్లెక్కి వచ్చే పార్టీకి ఇంటిపేరు చాలు. ఇంటిపేరుతో పని జరగని ఇంట్లో పుట్టినవాళ్ళకు ఆ రెండు క్లాజులు రెండు తలుపుల్లా అడ్డం నిలబడతాయి. నా పేరు ఎలా వచ్చిందో నేను మర్చిపోయి చాలా కాలమైంది. మా మామగారు వన్‌టౌన్‌లో బట్టల కమీషన్ వ్యాపారి. నా మొదటి ముప్పై పార్టీలు ఆయన అరుగు మీంచి వచ్చినవే.

నా దగ్గరకు రాకముందు చేసినవి

ఆమె ఊరికే కూర్చోలేదు. పొద్దున్నే ఒక హోటల్లో వ్యాపారస్తులు కలిసి టిఫిన్ చేస్తూ, ఒకరికొకరు బేరాలు చూపించుకునే బృందం ఒకటుంటే అందులో చేరింది. వారం వారం లేచి నిలబడి ఒక్క నిమిషంలో తన గురించి చెప్పుకోవాలి, ఎవరికైనా ఏదో ఒక పని చూపించి చీటీ ఇవ్వాలి. నాలుగు నెలలు వెళ్ళింది. ప్లైవుడ్ కొట్టాయనకు అక్కడ పని దొరికింది, ఇంటీరియర్లు చేసే కుర్రాడికీ దొరికింది. ఆ పద్ధతిని తీసిపారేయడం లేదు. ప్లైవుడ్ బాగుందో లేదో చేత్తో తట్టి చూస్తే తెలుస్తుంది. తన లెక్కల పుస్తకాలు ఒకరి చేతిలో పెట్టడానికి ఒక్క నిమిషం మాట ఎవరికీ సరిపోదు. పైగా ప్రతివారం నిలబడి పని అడగడమంటే ఆరో క్లాజు గోడ మీద నడవడమే. ఆమెకే భయం వేసి మానేసింది.

రెండోది ఇంకొంచెం ప్రమాదం. జీఎస్టీ ఫైలింగులు చేసే ఒక కన్సల్టెంటు వచ్చి, “నెలకి నలభై ఫైళ్ళు నేను తెస్తానమ్మా. సంతకం మీది. నాకు ముప్పై శాతం” అన్నాడు. ఆ రోజుల్లో అమ్మ మందుల ఖర్చు ఎంతో నాకు తెలుసు, కాబట్టి ఆమె ఆశపడిందంటే తప్పు పట్టను. నన్ను అడిగింది. అదే షెడ్యూలులో రెండో క్లాజు ప్రకారం సీఏ ఇన్‌స్టిట్యూట్ సభ్యుడు కానివాడికి ఫీజులో వాటా గానీ కమీషన్ గానీ ఇవ్వకూడదు. అది ఆమెకూ తెలుసు. అందుకని నేను క్లాజు ఎత్తలేదు. “నలభై ఫైళ్ళు నెలలో నువ్వు తెరిచి చూడగలవా?” అని అడిగాను. చూడలేనంది. 2019 నుంచి మా సర్టిఫికెట్లకు, ఆడిట్ రిపోర్టులకు యూడీఐఎన్ అని 18 అక్షరాల నంబరు వెయ్యాలి. బ్యాంకువాడైనా, పన్ను శాఖవాడైనా ఆ నంబరు కొట్టి ఎవరు సంతకం చేశారో చూసుకోవచ్చు. చూడని ఫైలుకు ఆ నంబరు వేస్తే జన్మంతా తన పేరు మీదే ఉంటుంది. “వద్దు సార్” అంది. ఆ ఒక్క విషయంలో నా సలహా మొదటి రోజు నుంచీ సరైనదే.

నా పొరపాటు

తర్వాత నేను చేసింది చాలామంది పెద్దవాళ్ళు చేసేదే. నా పార్టీల్లో ఐదుగురిని ఆమె దగ్గరకు పంపాను. ఒక హార్డ్‌వేర్ కొట్టు, రెండు మందుల షాపులు, ఒక ట్రాన్స్‌పోర్టు, ఒక చిన్న కల్యాణ మండపం.

ఆ రోజు నా లెక్క ఇది: ఆమెకు కావాల్సింది పార్టీలు, నా దగ్గర ఎక్కువగా ఉన్నవీ అవే. ఐదు ఇస్తే నాకు లోటు లేదు, ఆమెకు అద్దె వెళ్తుంది. లోపల ఇంకొకటి కూడా ఉంది. అదే అన్నిటికంటే తేలిక పని. ఒక ఫోను చేస్తే అయిపోతుంది, ఆమె పని ఎలా చేస్తుందో కూర్చుని చూడక్కర్లేదు. దానం చేసినట్టు నాకూ బాగుంటుంది.

మూడో నెలలో ఒక రోజు ఏదో పని మీద ఆమె ఆఫీసుకి వెళ్ళబోయి, కింద బండి ఆపుకుంటుంటే ఫోన్ మోగింది. హార్డ్‌వేర్ కొట్టాయన. “ఆడిటర్ గారూ, ఈ ఇన్‌పుట్టు తీసుకోకూడదంటున్నారు అమ్మాయిగారు. మీరొకసారి అవునంటే సరే.” ఇన్‌పుట్టు అంటే సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును, తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం. మాట్లాడుతూనే మెట్లెక్కి వెళ్ళాను. ఆయన ఆమె ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. ఫోన్ స్పీకర్లో పెట్టి టేబుల్ మీద ఉంచాడు. నా గొంతు ఒకసారి ఫోన్లోంచి, ఒకసారి గుమ్మంలోంచి వినబడింది. ఆమె కంప్యూటర్ వైపు చూస్తూ ఉండిపోయింది. ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. నేను “ఆవిడ చెప్పిందే” అన్నాను. ఆయన తృప్తిగా తలూపాడు, ఆమెకి కాదు, నాకు.

ఆ ఐదుగురి దృష్టిలో ఆమె ఆడిటర్ కాదు, సార్ పంపిన అమ్మాయి. ఫీజు పెంచమంటే నన్ను అడిగేవాళ్ళు. కొత్త చిక్కు వస్తే నాకే ఫోను. డిసెంబరుకల్లా ముగ్గురు మళ్ళీ నా మెట్లే ఎక్కారు. చెడు ఉద్దేశం ఎవరికీ లేదు. నేను ఇచ్చింది పార్టీల్నే. వాళ్ళకు నా మీదున్న నమ్మకాన్ని ఫైలుతో పాటు కట్టి పంపించలేను కదా.

మధ్యలో ఇంకొక ప్రయత్నం కూడా చేశాను, దాని గురించి ఎక్కువ చెప్పను. పెద్దవాళ్ళకు పరిచయం చేశాను. ఒక బ్యాంకు మేనేజరు, ఇద్దరు బిల్డర్లు, ఒక కాలేజీ కరస్పాండెంటు. అందరూ టీ ఇచ్చారు. అంతే.

రెండు కాలమ్‌లు

2023 జనవరిలో, సంక్రాంతి వెళ్ళాక, ఆమెను కూర్చోబెట్టి ఒక కాగితం ఇచ్చాను. ఎడమవైపు నిన్ను ఎరిగినవాళ్ళ పేర్లు రాయమన్నాను. కుడివైపు నీ పని దగ్గరుండి చూసినవాళ్ళ పేర్లు. పని చూడ్డమంటే ఏమిటన్న ప్రశ్న వచ్చింది. నువ్వు రాసిన కాగితం చదివి, తప్పు పట్టడానికో మెచ్చుకోవడానికో తగినంత తెలిసినవాళ్ళు అన్నాను.

ఎడమవైపు 112 పేర్లు వచ్చాయి. కుడివైపు ఆరు. ఆ ఆరుగురిలో ఐదుగురు హైదరాబాద్‌లో. ఆరోవాడు అప్పటికి సూరత్‌లో ఉన్నాడు. బెజవాడలో ఒక్కరూ లేరు. నేను కూడా లేను! ఆర్నెల్లుగా మెంటర్‌నని చెప్పుకుంటున్న నేను ఆమె రాసిన ఒక్క జవాబు కూడా మొదటి నుంచి చివరిదాకా చదవలేదు.

అప్పుడు సమస్య పేరు మారింది. పరిచయాల కరువు కాదది. నాలుగు నెలల టిఫిన్లు, నా పెద్దమనుషుల టీలు అన్నీ వెళ్ళి ఎడమ కాలమ్‌లో పడ్డాయి. అక్కడ ఇంకో యాభై పేర్లు చేరినా అద్దె వెళ్ళదు. కుడి కాలమ్‌లో ఈ ఊరివి నాలుగు పేర్లు చేరాలి. ఎలా?

పార్టీలకు ఆమె పని మంచిచెడ్డలు తెలియవు. రిటర్న్ టైముకి వెళ్ళిందా, నోటీసు రాలేదా, అంతవరకే వాళ్ళు చూడగలిగేది. పని చూసి తూకం వెయ్యగలిగేది తోటి ఆడిటర్లే. ఇక్కడ ఆరో క్లాజు కింద ఉన్న మినహాయింపు పనికొచ్చింది. ప్రాక్టీసులో ఉన్న మరో చార్టర్డ్ అకౌంటెంటును పని అడగడం తప్పు కాదు. చట్టం ఆ ఒక్క తలుపు తెరిచే ఉంచింది. పరీక్షకి అందరం చదువుతాం, బోర్డు పెట్టాక మర్చిపోతాం. సాటి ఆడిటర్‌ని పని అడగడమంటే మాకు నామోషీ. ఆమెకూ అంతే. “పోటీవాళ్ళ దగ్గరికెళ్ళి అడగాలా సార్?” అంది.

పోటీయా కాదా అన్నది ఏ పని అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇన్‌కమ్‌టాక్స్ రిటర్నులు అడిగితే పోటీయే. వాళ్ళు చెయ్యడానికి ఇష్టపడని పని అడిగితే? నా వయసు ఆడిటర్లకు జీఎస్టీ నోటీసుకి జవాబు రాయడమంటే పంటినొప్పి. సరఫరాదారులు చూపించిన అమ్మకాల నుంచి తయారయ్యే 2ఏలో కనబడిన ఇన్‌పుట్టు ఒకటి, పార్టీ వేసిన 3బీ రిటర్నులో తీసుకున్నది ఒకటి, తేడా కట్టమని నోటీసు. సరఫరాదారుల్ని వరసపెట్టి విడదీసి, ఒక్కో తేడా ఎందుకొచ్చిందో రాయాలి. ఆమె హైదరాబాద్‌లో మూడున్నరేళ్ళు చేసింది సరిగ్గా అదే.

ఇంకొక సంగతి కలిసొచ్చింది. 2022 డిసెంబర్ 27న కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు నుంచి 183వ నంబరు సర్క్యులరు వచ్చింది. 2017-18, 2018-19 సంవత్సరాలకు 2ఏ, 3బీ తేడాలను ఎలా పరిష్కరించాలో అందులో ఉంది. ఒక సరఫరాదారు విషయంలో ఏడాది తేడా 5 లక్షలు దాటితే ఆ సరఫరాదారు తరఫు సీఏ గానీ కాస్ట్ అకౌంటెంటు గానీ యూడీఐఎన్‌తో సర్టిఫికెట్ ఇవ్వాలి, దాటకపోతే సరఫరాదారే రాసిస్తే చాలు. ఆమె దాని మీద రెండు పేజీల నోటు రాసింది. సర్టిఫికెట్ నమూనా, తేడాలను విడదీసే పట్టిక, ఏ రకం తేడాకి ఏ కాగితం జతచెయ్యాలో. ఈసారి నేను మొత్తం చదివాను. మూడు చోట్ల గీతలు పెట్టాను. వాటిలో రెండు గీతలు నావే తప్పని చూపించింది.

నేను తొమ్మిదిమంది ఆడిటర్లకు ఫోన్ చేశాను. “అమ్మాయికి పని ఇవ్వండి” అనలేదు. అంటే నా మొహం చూసి ఒక చిన్న ఫైలు ఇస్తారు, మళ్ళీ సార్ పంపిన అమ్మాయే. “ఈ నోటు చదివి తప్పులుంటే చెప్పండి” అన్నాను. తప్పులు పట్టమంటే మా వృత్తిలో ఎవరైనా చదువుతారు.

మూడు వారాలు ఎవరూ పలకలేదు. నాలుగో వారం మొగల్రాజపురంలో ఒక పెద్దాయన, నాకంటే సీనియర్, విసుగొచ్చి పక్కన పెట్టిన ఫైలొకటి ఆమెకి పంపాడు.

ఆమె పెట్టిన షరతులు

ఆ ఫైలు తీసుకునే ముందు ఆమె మూడు మాటలు చెప్పింది. నన్నడిగి చెప్పలేదు. ఒకటి: పార్టీకి నా నంబరు ఇవ్వకండి, ముసాయిదా నాది, సంతకం మీది. రెండు: గడువుకి నాలుగు రోజుల ముందు మీ చేతిలో ఉంటుంది. మూడు: గెలవని అంశమైతే మొదటి రోజే చెప్పేస్తాను.

మొదటి షరతు ఆ పెద్దాయన భయాన్ని తీసేసింది. పార్టీని ఎగరేసుకుపోతారన్న భయం వల్లే మాలో మేము పని పంచుకోం. మూడో షరతు మాత్రం ఆమె పేరు మోసుకెళ్ళింది. గెలిచిన నోటీసు గురించి ఎవరూ నలుగురిలో చెప్పుకోరు, తమ ఖాతాలోనే వేసుకుంటారు. “ఇది నిలబడదు, పార్టీచేత కట్టించెయ్యండి” అని మొదటి రోజే చెప్పిన మనిషి గురించి మాత్రం మా ఆడిటర్ల బ్రాంచి మీటింగు మెట్ల దగ్గర మాట్లాడుకున్నారు. నా చెవినే పడింది.

ఫీజు దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. కొత్త కాబట్టి నోటీసుకి నాలుగైదు వేలు తీసుకోమన్నాను. పన్నెండు వేలు అంది, సరఫరాదారుల సంఖ్యను బట్టి పైన ఇంకొంత. “నాలుగు వేలకి చేస్తే చిన్న పని అనుకుని చిన్నవే పంపుతారు సార్. కష్టమైనవి వాళ్ళే ఎలాగోలా చేసుకుంటారు. నాకు కష్టమైనవి కావాలి.” నాకు నచ్చలేదు. ఆమె మాటే నిజమైంది.

2023 సెప్టెంబర్

2017-18కి సంబంధించి, జీఎస్టీ చట్టం 73వ సెక్షను కింద (మోసం ఆరోపణ లేని పన్ను బాకీల మీద) ఇచ్చే ఉత్తర్వులకు ఆఖరి గడువు 2023 డిసెంబర్ 31. నోటీసు దానికి మూడు నెలల ముందు ఇవ్వాలి, అంటే సెప్టెంబర్ 30లోపు. మాకు టాక్స్ ఆడిట్ రిపోర్టుల గడువు కూడా ఆ సెప్టెంబర్ 30నే. ప్రతి ఆఫీసులోనూ ఆర్టికల్స్ రాత్రి పదకొండు దాకా టాలీ లెక్కల సాఫ్ట్‌వేర్ ముందు కూర్చుని ఉంటే, జీఎస్టీ పోర్టల్లో నోటీసుల మీద నోటీసులు పడుతున్నాయి. ఫిబ్రవరిలో నోటు చదివి మాట్లాడకుండా ఊరుకున్నవాళ్ళలో ఐదుగురు ఆ నెలలోనే ఫోన్ చేశారు. నోటు మర్చిపోలేదన్నమాట, అవసరం రాలేదంతే.

ఆ ఫైళ్ళలో ఒకటి దగ్గర్నుంచి చూశాను. వన్‌టౌన్ వస్త్రలతలో చీరల హోల్‌సేల్. తేడా 23 లక్షల చిల్లర, 19 మంది సరఫరాదారులు. ఆమె పట్టికలో మొదటి అడ్డవరస సూరత్ మిల్లుది, ఏడు లక్షల పైన. పక్క గడిలో పెన్సిల్‌తో ‘బీ2సీ?’ అని రాసుంది. అంటే మిల్లువాడు అమ్మకం చూపించాడు, పన్నూ కట్టాడు, రిటర్నులో మాత్రం మన పార్టీ జీఎస్టీ నంబరు వెయ్యకుండా నంబరు లేనివాళ్ళకి అమ్మినట్టు చూపించాడు. సర్క్యులరులో ఉన్న పరిస్థితే. కానీ 5 లక్షలు దాటింది కాబట్టి మిల్లు తరఫు ఆడిటర్ సర్టిఫికెట్ కావాలి. మిల్లువాడు ఆరేళ్ళ కిందటి బిల్లుల గురించి ఫోనెత్తడం మానేశాడు. రెండోది ఈరోడ్‌ది, ఆరు లక్షలు. మిగతా పదిహేడూ చిన్నవి, గుమాస్తాను కూర్చోబెట్టి ఫోన్లు చేయిస్తే కాగితాలు వస్తాయి.

కుడి కాలమ్‌లో ఆరో పేరు గుర్తుందా? హైదరాబాద్‌లో పక్క టీమ్‌లో ఎనిమిది నెలలు పనిచేసి సూరత్ వెళ్ళిపోయిన కుర్రాడు. “రెండేళ్ళయింది సార్ మాట్లాడి. పనిబడి ఫోన్ చేశాననుకుంటాడు.” పనిబడే కదా చేస్తున్నావు, ఆ మాటే చెప్పు అన్నాను. నా ఎదురుగానే చేసింది. అతను నవ్వేశాడు. ఆ మిల్లు ఆడిటర్ అతనికి తెలియదు, కానీ ఆ ఆడిటర్ ఆఫీసున్న భవనంలోనే ఇతని స్నేహితుడి ఆఫీసు ఉంది. తొమ్మిది రోజులకి యూడీఐఎన్‌తో సర్టిఫికెట్ వచ్చింది. ఇలాంటి సాయం ఎవరూ ఊరికే చెయ్యరు. హైదరాబాద్‌లో అతని రీకన్సిలియేషన్ షీటులో (లెక్కలు సరిపోల్చే పట్టికలో) తప్పొకటి పట్టుకుని, మేనేజరుకి చెప్పకుండా అతనికే చెప్పిందట. అదామెకి గుర్తు కూడా లేదు. అతనే ఫోన్లో చెప్పాడు.

ఈరోడ్ వ్యాపారి దుకాణం కట్టేసి వెళ్ళిపోయాడు. సర్టిఫికెట్ రాలేదు. ఆ ఆరు లక్షలు పార్టీ వడ్డీతో కట్టుకోవాల్సే వచ్చింది. ఆ మాట ఆమె మొదటి వారంలోనే చెప్పేసింది, కాబట్టి పార్టీ డబ్బు సర్దుకున్నాడు గానీ గొడవ చెయ్యలేదు. మిగతాదంతా అధికారి ఒప్పుకుని వదిలేశాడు.

ఆదివారం ఇడ్లీ

ఇది నా ఆలోచన కాదు, కాబట్టి గొప్ప నాకు రాదు. మా వృత్తిలో అసలు పరిచయాలు సెమినారు హాల్లో పెరగవు. మీటింగ్ అయ్యాక, భోజనాల దగ్గర, రాత్రి తొమ్మిది దాటాక పెరుగుతాయి. ఆ వేళకి ఆమె ఇంట్లో ఉండాలి. ఉండనవసరం లేకపోయినా ఆ బల్ల చుట్టూ అందరూ మగవాళ్ళే. ఇది ముప్పై ఏళ్ళుగా నా కళ్ళ ముందే ఉంది, నాకెప్పుడూ కనబడలేదు.

ఆమె వేళ మార్చేసింది. నెలలో మొదటి ఆదివారం పొద్దున ఏడింటికి, గాంధీనగర్ బాబాయ్ హోటల్లో ఇడ్లీ తిని, దగ్గర్లో ఒకరి ఆఫీసులో గంటన్నర. ఐదుగురు: ఆమె, ఇద్దరు యువ ఆడిటర్లు, ఒక కంపెనీ సెక్రటరీ, పన్ను కేసులు చూసే ఒక లాయరు. ఆడిటర్లలో ఒకతను గుంటూరు బ్రాడీపేట నుంచి వారధి దాటి వస్తాడు. అతని పార్టీలంతా మిర్చి యార్డు కమీషన్ వ్యాపారులు. రైతు తరఫున అమ్మే ఏజెంటు బిల్లు ఎవరి పేరు మీద వెయ్యాలన్న చిక్కు అతనికి కొట్టినపిండి, నోటీసు జవాబు రాయడం రాదు. ఆమెకి సరిగ్గా తిరగేసి.

అక్కడ ఒక నియమం ఉంది: పార్టీ పేరు నోట రాకూడదు. పార్టీ సంగతులు బయట పెట్టకూడదన్నది చట్టం ఎలాగూ చెప్తుంది. ‘ఒక చీరల కొట్టు’, ‘ఒక కోల్డ్ స్టోరేజీ’ అంతవరకే. రెండో నియమం ఇంకా బాగుంది. ప్రతివాళ్ళూ ఆ నెలలో చేసిన ఒక తప్పు చెప్పాలి. నన్నొకసారి పిలిస్తే వెళ్ళాను. నా వంతు వచ్చేసరికి ఏ తప్పూ తట్టలేదు. ఆ కుర్రలాయరు నవ్వి, “సార్‌కి ఇంకో ఇడ్లీ తెప్పించండి, గుర్తొస్తుంది” అన్నాడు. తర్వాత గుర్తొచ్చింది, హార్డ్‌వేర్ కొట్టు, స్పీకర్ ఫోను. అది చెప్పాను. ఆమె కిటికీలోంచి బయటకి చూసింది.

ఈ కేసు తర్వాత నా దగ్గర మారినవి

ఇప్పుడు ఎవరైనా కొత్తవాళ్ళు వస్తే పార్టీల్ని పంపను. ముందు వాళ్ళు రాసిన కాగితం ఏదైనా తెమ్మంటాను, పూర్తిగా చదువుతాను. దీనికి టైము పడుతుంది. అందుకే ఏడాదికి ఇద్దరికి మించి ఒప్పుకోవడం లేదు. ఇదివరకు పదిమందికి మెంటర్‌నని చెప్పుకునేవాణ్ణి. ఆ పదిమందికి నేను చేసింది ఫోన్లు మాత్రమే.

రెండు కాలమ్‌ల కాగితం అందరిచేతా రాయిస్తున్నాను. ఎడమ కాలమ్ దండగ అనడం లేదు. సూరత్ భవనంలోని స్నేహితుడు ఆమె ఏ కాలమ్‌లోనూ లేడు కదా. కానీ అక్కడిదాకా తీసుకెళ్ళింది కుడి కాలమ్‌లోని మనిషి.

ఆమెది అరుదైన అదృష్టం అన్నవాళ్ళున్నారు. చెయ్యగలిగిన పనికి, నోటీసులు వెల్లువెత్తే కాలానికి ముడిపడింది, నిజమే. ఆ సెప్టెంబర్ రాకపోతే ఇంకో రెండేళ్ళు పట్టేది. అదే నోటు పద్ధతి ఇంకొక కుర్రాడి విషయంలో పనిచెయ్యలేదు. అతని పని మామూలుగా ఉండేది. తొమ్మిదిమంది చదివి ఆ సంగతి తొమ్మిదిమందికీ తెలిసింది. పని చూపించడంలో ఈ ప్రమాదం ఉంటుందని ముందే చెప్పనందుకు అతనికి నా మీద కోపం, న్యాయమే.

ఆమె గదికి ఇప్పుడు పక్క గది కూడా కలిసింది. చుట్టాల తొమ్మిది ఫైళ్ళూ ఇంకా ఫ్రీగానే చేస్తోంది. వాటి విషయంలో నా దగ్గర ఉపాయం ఏమీ లేదు.

2024 వేసవిలో నా పాత పార్టీకి, మామగారి అరుగు మీంచి వచ్చినవాళ్ళలో ఒకరికి, నోటీసు వచ్చింది. ముప్పై ఏళ్ళ స్నేహం, ఎలాగైనా గట్టెక్కించాలని ఫైలు ఆమెకి పంపాను. మర్నాడు పొద్దున్నే ఫోను. “సార్, మూడో అంశం నిలబడదు. కట్టించెయ్యండి.” ఒకసారి మళ్ళీ చూడమ్మా అన్నాను. చూసే చెప్తున్నానంది. ఒక రోజంతా మనసు బాగోలేదు. తర్వాత పార్టీకి ఫోన్ చేసి కట్టించాను. మిగతా రెండు అంశాలకి జవాబు గడువుకి నాలుగు రోజుల ముందు నా టేబుల్ మీద ఉంది. కింద క్లిప్పు పెట్టి బిల్లు కూడా పంపింది. పన్నెండు వేలు, ఒక్క రూపాయి తగ్గించలేదు.